గురువు ఖాళీ చేసిన కుర్చీ: చ్వే యోంగ్ గన్ రాజకీయ జీవితం

1946 జనవరి మొదట్లో ప్యాంగ్యాంగ్‌లోని కోర్యో హోటల్లో ఒక పెద్దాయన నిర్బంధంలో పడ్డాడు. పేరు చో మాన్ సిక్, వయసు 62. ఎప్పుడూ కొరియా సంప్రదాయ దుస్తుల్లోనే కనిపించే మనిషి. మన దగ్గర ఖద్దరు ఉద్యమం నడుస్తున్న రోజుల్లోనే ఆయన అక్కడ స్వదేశీ వస్తువుల వాడకం కోసం ఉద్యమం నడిపాడు. కొరియా గాంధీ అని ఆయనకు పేరు. జపాన్ వాళ్లు వెళ్లిపోయాక ఉత్తర కొరియాలోకి వచ్చిన సోవియట్ సైన్యం మొదట ఆయన్నే ముందు పెట్టి పాలన నడపాలని చూసింది. అయితే కొరియాను ఐదేళ్ల వరకు నాలుగు పెద్ద దేశాల ధర్మకర్తృత్వంలో ఉంచాలని 1945 డిసెంబర్‌లో మాస్కోలో కుదిరిన ఒప్పందానికి ఆయన తల ఊపలేదు. ఎంత నచ్చజెప్పినా వినలేదు. దాంతో హోటల్ గదే ఆయనకు జైలైంది.

ఆయన పెట్టిన కొరియా డెమోక్రటిక్ పార్టీకి అప్పటికి రెండు నెలల వయసు. ఫిబ్రవరిలో దానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. అతనే చ్వే యోంగ్ గన్. అప్పటిదాకా ఆ పార్టీలో చో మాన్ సిక్ కింద రెండో వరసలో ఉన్నవాడు. కుర్రతనంలో, గురువుగా చో మాన్ సిక్ పేరు మోగిన ఒసాన్ బడిలో చదువుకున్నవాడు. 1926లోనే చైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యత్వం తీసుకున్నవాడు కూడా. క్రైస్తవ మధ్యతరగతి, భూస్వాములు, వ్యాపారులు తమదనుకుని చేరిన పార్టీకి ఒక పాత కమ్యూనిస్టు గెరిల్లా దాదాపు పదేళ్లు అధ్యక్షుడిగా ఉన్నాడు.

చ్వే యోంగ్ గన్‌ని కొరియా ప్రజాసైన్యపు తొలి అధిపతిగా, తొలి రక్షణమంత్రిగా, 15 ఏళ్ల పాటు ఉత్తర కొరియా లాంఛన దేశాధినేతగా చరిత్ర పుస్తకాలు ఒకటి రెండు వాక్యాల్లో పరిచయం చేసి వదిలేస్తాయి. పదవుల జాబితాగా చూస్తే అది నిజమే. ఆ పదవులు అతని చేతికి ఏ సమయంలో, ఎవరి తర్వాత వచ్చాయో చూస్తే మాత్రం ఇంకో కథ కనిపిస్తుంది. కొన్ని కుర్చీలు అతన్ని కూర్చోబెట్టడం కోసం ఖాళీ చేసినవి కావు. అప్పటికే ఖాళీ చేయించిన కుర్చీల్లో ఇంకెవరూ కూర్చోకుండా అతన్ని కూర్చోబెట్టారు.

పుట్టింది 1900 జూన్‌లో, ఉత్తర ప్యోంగాన్ రాష్ట్రంలో. చైనా సరిహద్దుకు దగ్గర, మిషనరీల ప్రభావం గట్టిగా ఉన్న ప్రాంతం. ఒసాన్ బడి 1907లో మొదలైంది. జాతీయవాదులను తయారుచేసే కార్ఖానా అని చెప్పుకోదగ్గ బడి అది. 1919 మార్చి 1న కొరియా అంతటా స్వాతంత్ర్య నినాదాలు లేచి, జపాన్ వాటిని రక్తంలో ముంచాక, ఆ తరం యువకులు చాలామంది చైనా దారి పట్టారు. చ్వే కూడా వాళ్లలో ఒకడు. 1920ల మధ్యలో నైరుతి చైనాలోని యునాన్ సైనిక పాఠశాలలో చదివాడు.

ఆ పాఠశాల గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. చైనా ఎర్ర సైన్యాధిపతి చు తే అక్కడ చదివినవాడే. యీ పోమ్ సోక్ అనే మరో కొరియన్ కూడా చ్వే కంటే కొన్నేళ్ల ముందు అక్కడే శిక్షణ పొందాడు. అతనూ 1900లోనే పుట్టాడు. 1948లో కొరియా రెండు దేశాలైనప్పుడు దక్షిణ కొరియా తొలి ప్రధాని, తొలి రక్షణమంత్రి ఈ యీ పోమ్ సోక్. ఉత్తర కొరియా తొలి రక్షణమంత్రి చ్వే యోంగ్ గన్. ఒకే ఏట పుట్టి, ఒకే బడిలో తుపాకీ పట్టడం నేర్చుకున్న ఇద్దరు దాదాపు 48 ఏళ్ల వయసులో ఎదురెదురు సైన్యాలకు మంత్రులయ్యారు. కొరియా విభజనను అమెరికా, రష్యాలు పటం మీద గీసిన గీతగా మాత్రమే చూసేవాళ్లు మరిచిపోయే సంగతి ఇది. ఆ గీతకు రెండు పక్కలా నిలబడ్డవాళ్లు చాలాసార్లు ఒకే కుదురు నుంచి వచ్చారు.

యునాన్ నుంచి చ్వే కాంటన్ దగ్గర్లోని వాంపోవా సైనిక అకాడమీకి శిక్షకుడిగా వెళ్లాడు. చాంగ్ కై షేక్ నడిపిన, చౌ ఎన్ లై రాజకీయ విభాగం చూసిన అకాడమీ అది. 1927లో చాంగ్ కై షేక్ కమ్యూనిస్టుల మీద కత్తి దూశాడు. ఆ డిసెంబర్ 11న కాంటన్‌లో కమ్యూనిస్టులు తిరుగుబాటు చేశారు. మూడు రోజుల్లో అది ముగిసింది. అందులో దాదాపు 150 మంది కొరియన్లు పోరాడారనీ, ఎక్కువమంది అక్కడే ప్రాణాలు వదిలారనీ చైనా రికార్డులు చెబుతాయి. 1964లో ఆ నగరంలోని అమరుల స్మారక వనంలో చైనా, కొరియా ప్రజల రక్తబంధానికి గుర్తుగా ఒక మండపం కట్టారు. ఆ మూడు రోజుల నుంచి బతికి బయటపడిన కొద్దిమందిలో చ్వే ఒకడు.

తర్వాతి మజిలీ మంచూరియా, అంటే ఈశాన్య చైనా. దాని భూగోళం అర్థం కాకపోతే ఇతని తర్వాతి జీవితం అర్థం కాదు. చ్వే సోక్ చోన్ అనే మారుపేరుతో అతను పనిచేసింది ఈశాన్యపు కొసన, ఉసూరి నది ఒడ్డున ఉన్న రావోహ ప్రాంతంలో. నది దాటితే సోవియట్ భూమి. కొరియా సరిహద్దు మాత్రం ఎక్కడో దక్షిణాన. 1930ల మొదట్లో కొరియా సరిహద్దును ఆనుకుని ఉన్న కాందో ప్రాంతంలో చైనా కమ్యూనిస్టు పార్టీ తన సొంత కొరియన్ సభ్యులనే జపాన్ గూఢచారులని అనుమానించి వందలాదిమందిని చంపింది. మిన్‌సేంగ్‌దాన్ వ్యవహారం అంటారు దాన్ని. ఆ మంట ప్రధానంగా అక్కడే రగిలింది. దూరంగా ఉండటం చ్వేకి కలిసొచ్చింది.

ఆ దూరమే తర్వాత ఎదురుతిరిగింది. 1937 జూన్ 4న, తర్వాత ఉత్తర కొరియాను ఏలిన కిమ్ ఇల్ సంగ్ దళం సరిహద్దు దాటి పోచోన్‌బో అనే చిన్న ఊరి మీద దాడి చేసింది. సైనికంగా చూస్తే పెద్ద విషయమేమీ కాదు, పోలీసు ఠాణా, కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు తగలబెట్టి వెళ్లిపోయారు. కానీ అది కొరియా నేల మీద జరిగింది. కొరియా పత్రికల్లో వచ్చింది. పాతికేళ్ల కిమ్ పేరు ఇళ్లల్లోకి వెళ్లింది. ఉసూరి ఒడ్డున చ్వే ఎన్ని పోరాటాలు చేసినా వాటి కబురు సియోల్ దాకా పోలేదు. హోదా చూస్తే అతనే పైవాడు. ఏడో సైన్యంలోనూ, ఆ తర్వాత ఈశాన్య జపాన్ వ్యతిరేక సంయుక్త సైన్యం రెండో రూట్ ఆర్మీలోనూ చీఫ్ ఆఫ్ స్టాఫ్. అప్పటికి కిమ్ ఒక డివిజన్ కమాండర్. వయసులో పన్నెండేళ్లు చిన్న.

1940 నాటికి జపాన్ వేటకు తట్టుకోలేక గెరిల్లాలు సోవియట్ భూభాగంలోకి దాటారు. 1942లో ఖబరోవ్స్క్ దగ్గర వ్యాత్‌స్కోయే గ్రామంలో ఎర్ర సైన్యం వాళ్లందరినీ 88వ ప్రత్యేక బ్రిగేడ్‌గా కూర్చింది. చైనీయుడైన చౌ పావో చుంగ్ దాని కమాండర్. చ్వే డిప్యూటీ చీఫ్ ఆఫ్ స్టాఫ్, అక్కడి చైనా కమ్యూనిస్టు శాఖకు కార్యదర్శి. కిమ్ ఇల్ సంగ్ మొదటి బెటాలియన్ కమాండర్. పార్టీ కాగితాల మీద ఇక్కడ కూడా పెద్ద చ్వేనే.

మరి 1945లో సోవియట్ అధికారులు కిమ్‌ను ఎందుకు ఎంచుకున్నారు? దీని మీద చరిత్రకారులు చాలా రాశారు, అందరూ ఒకటే చెప్పరు. పైన చెప్పిన పోచోన్‌బో పేరు ఒక కారణం. బెటాలియన్‌లో కిమ్ వెనక అతని సొంత కొరియన్ దళం ఉండటం ఇంకో కారణం. చ్వే ఇరవై ఏళ్లు చైనా పార్టీ యంత్రాంగంలో మెట్టు మెట్టు ఎక్కినవాడు. అతని భార్య వాంగ్ యూ హువాన్ కూడా ఆ అడవుల్లోనే పోరాడిన చైనా గెరిల్లా. చైనా వాళ్ల కింద అధికారిగా ఎదిగినవాడికి తనకంటూ కొరియన్ అనుచరుల గుంపు ఉండదు. ఆ లోటే అతనికి మొదటి స్థానాన్ని దూరం చేసింది. రెండో స్థానంలో ముప్పై ఏళ్లు ప్రాణాలతో నిలిపిందీ అదే.

ఇప్పుడు మళ్లీ డెమోక్రటిక్ పార్టీ దగ్గరికి వద్దాం. సోవియట్ వాళ్లకు అప్పట్లో ఉత్తరాన కమ్యూనిస్టేతర పార్టీ ఒకటి బతికి ఉండాలి, కానీ చెప్పుచేతల్లో ఉండాలి. అలాంటి పార్టీలోకి ఎవరిని పంపాలి? చో మాన్ సిక్ నమ్మేవాడిని. అదే ప్యోంగాన్ ప్రాంతం, అదే బడి, నడివయసు, సైన్యంలో పేరు. చ్వే అన్నిటికీ సరిపోయాడు. కిమ్ చేక్ అనే మరో గెరిల్లా కూడా మారుపేరుతో అదే పార్టీలో చేరాడు. గురువు నిర్బంధంలోకి వెళ్లగానే చాలామంది నాయకులు 38వ అక్షాంశం దాటి దక్షిణానికి వెళ్లిపోయారు. 1946 మార్చిలో భూసంస్కరణ వచ్చేసరికి ఏ వర్గం కోసం ఆ పార్టీ పుట్టిందో ఆ వర్గం ఆస్తులు పోయాయి. పార్టీ బోర్డు మిగిలింది, అధ్యక్షుడు మిగిలాడు. ఆ అధ్యక్షుడే అదే సమయంలో తాత్కాలిక ప్రజా కమిటీలో భద్రతా విభాగం అధిపతి. పోలీసు వ్యవస్థ చేతిలో ఉన్నవాడే ప్రతిపక్షమనదగ్గ పార్టీకి నాయకుడు! ఇంత పొదుపైన ఏర్పాటు చరిత్రలో ఎక్కువ కనబడదు.

1948 ఫిబ్రవరి 8న కొరియా ప్రజాసైన్యం ఏర్పడింది. తొలి సైన్యాధిపతి చ్వే. సెప్టెంబర్‌లో దేశం ప్రకటించాక రక్షణమంత్రి. ఇక్కడ ముందుకు దూకి ఒక విషయం చెప్పాలి. 1978లో ఉత్తర కొరియా తన సైన్యం పుట్టినరోజును ఫిబ్రవరి 8 నుంచి ఏప్రిల్ 25కి మార్చింది. 1932 ఏప్రిల్ 25న కిమ్ ఇల్ సంగ్ గెరిల్లా దళాన్ని స్థాపించాడని, సైన్యం వేళ్లు అక్కడే ఉన్నాయని వాదన. చ్వే అప్పటికి చనిపోయి రెండేళ్లు. దాంతో అతను అధిపతిగా మొదలైన సైన్యం, అతనితో సంబంధం లేని రోజున పుట్టినట్టయింది. 2018లో ఫిబ్రవరి 8 మళ్లీ పండగైంది. ఉత్తర కొరియాలో క్యాలెండర్ కూడా రాజకీయ పత్రమే.

1950 జూన్ 25న యుద్ధం మొదలైంది. మర్నాడు ఏర్పడ్డ ఏడుగురి సైనిక కమిటీలో చ్వే ఉన్నాడు. వింతేమిటంటే, రక్షణమంత్రి అయి ఉండి కూడా దాడిని నడిపించింది అతను కాదు. ముందు వరస కమాండ్ కిమ్ చేక్‌కి, చీఫ్ ఆఫ్ స్టాఫ్ పదవి కాంగ్ కోన్‌కి. జులై 4న సుప్రీం కమాండర్‌గా కిమ్ ఇల్ సంగ్ తనే బాధ్యత తీసుకున్నాడు. అమెరికా జోక్యం చేసుకుంటుందని చ్వే ముందే సందేహించాడని, అందుకే పక్కన పెట్టారని కొందరు చరిత్రకారులు అంటారు. దీనికి తిరుగులేని ఆధారం లేదు గానీ ఆ మూడు నెలలు అతను వెనక ఉండటం మాత్రం వాస్తవం. సెప్టెంబర్ 15న అమెరికా జనరల్ మెకార్థర్ సేనలు ఇంచాన్‌లో దిగాక అతన్ని ముందుకు తెచ్చారు. గెలుస్తున్నప్పుడు లేని పిలుపు ఓడిపోతున్నప్పుడు వచ్చింది. సియోల్ రక్షణ అతనికి అప్పగించారు. నెలాఖరుకు సియోల్ పోయింది. అక్టోబర్‌లో ప్యాంగ్యాంగ్ కూడా.

డిసెంబర్‌లో పాలక కమ్యూనిస్టు పార్టీ అయిన వర్కర్స్ పార్టీ కేంద్ర కమిటీ కూర్చుని ఓటమికి బాధ్యులను లెక్కతేల్చింది. ఈ సమావేశమే చ్వే జీవితానికి అసలు తాళంచెవి అనిపిస్తుంది. ప్యాంగ్యాంగ్‌ను కాపాడాల్సిన ము చోంగ్ మీద వేటు పడింది. ము చోంగ్ మామూలు మనిషి కాదు. మావోతో పాటు లాంగ్ మార్చ్ నడిచినవాడు, చైనా కమ్యూనిస్టుల స్థావరమైన యెనాన్ నుంచి తన సొంత బలగంతో వచ్చినవాడు, నాయకత్వానికి పోటీ రాగలిగినవాడు. అతని పేరు మళ్లీ పైకి రాలేదు. అదే సమావేశంలో కిమ్ ఇల్ అనే పాత గెరిల్లా కూడా చీవాట్లు తిన్నాడు. విమానాలు లేకుండా పోరాడలేమని అన్నాడని అతని మీద నేరం. కొన్నాళ్లకు తిరిగొచ్చి, 1972లో ప్రధాని అయ్యాడు. సియోల్ పోగొట్టుకున్న చ్వేకి 1953 ఫిబ్రవరిలో వైస్ మార్షల్ హోదా వచ్చింది, కిమ్ మార్షల్ అయిన రోజే. నగరాన్ని పోగొట్టుకోవడం ఒక్కటే నేరమైతే లెక్క ఇలా తేలదు. ఎవరి వెనక ఎవరున్నారన్నదే లెక్క. ము చోంగ్ వెనక యెనాన్ వర్గం ఉంది. చ్వే వెనక కిమ్ తప్ప ఎవరూ లేరు.

యుద్ధం ఆగాక దక్షిణం నుంచి వచ్చిన కమ్యూనిస్టుల వంతు. వాళ్ల నాయకుడు పాక్ హోన్ యోంగ్, ఉపప్రధాని, విదేశాంగమంత్రి. కిమ్ పేరు ఇంకా ఎవరికీ తెలియని రోజుల నుంచే కొరియా కమ్యూనిస్టు ఉద్యమానికి పెద్ద దిక్కు. అతను 1939 నుంచే అమెరికా గూఢచారి అని ఆరోపణ. 1955 డిసెంబర్ 15న ప్రత్యేక న్యాయస్థానం కూర్చుంది. విచారణ, తీర్పు అన్నీ ఒక్క రోజులో. మరణశిక్ష. ఆ న్యాయస్థానానికి అధ్యక్షత వహించింది వైస్ మార్షల్ చ్వే యోంగ్ గన్. న్యాయశాస్త్రంతో ఏ సంబంధమూ లేని సైనికుడు. డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష పదవి వదిలి, వర్కర్స్ పార్టీలో బహిరంగంగా చేరి, నేరుగా అగ్ర నాయకత్వంలోకి వెళ్లింది కూడా ఆ ఏడాదే. తీర్పు మీద అతని సంతకం పడటమంటే, కిమ్‌తో పాటు అతనూ ఆ రక్తానికి భాగస్వామి అయ్యాడని అర్థం. ఇక వెనక్కి నడిచే దారి లేదు.

1956లో క్రుశ్చేవ్ స్టాలిన్‌ను తప్పుపట్టాక ప్యాంగ్యాంగ్‌లో కూడా కొందరికి ధైర్యం వచ్చింది. ఆగస్టు ఆఖర్లో జరిగిన కేంద్ర కమిటీ సమావేశంలో కిమ్ మీద బహిరంగంగా లేచారు. వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి సూటిగా చ్వే గురించే. నిన్నటిదాకా వేరే పార్టీ అధ్యక్షుడుగా ఉన్నవాణ్ని నేరుగా పై కమిటీలోకి ఎలా తెచ్చారు, పార్టీ నిబంధనలు ఏమయ్యాయి అని. అడిగినదాంట్లో తప్పు లేదు. అడిగినవాళ్లు మాత్రం ఓడిపోయారు. కొందరు చైనాకు పారిపోయారు.

మరుసటి నెల బీజింగ్‌లో చైనా పార్టీ ఎనిమిదో మహాసభకు కొరియా బృందాన్ని తీసుకెళ్లింది చ్వేనే. సెప్టెంబర్ 18న మావో ఆ బృందంతో మాట్లాడాడు. సొంత కామ్రేడ్ల మీద కిమ్ పడ్డ తీరు తప్పని తేల్చి చెప్పాడు. తను ముప్పై ఏళ్ల క్రితం చేరిన పార్టీ నాయకుడి ఎదుట, ఆ పార్టీ మనుషులుగా పేరుపడ్డ యెనాన్ వాళ్లను వెళ్లగొట్టిన పార్టీ తరఫున చ్వే కూర్చున్నాడు. ఆ వెంటనే చైనా నుంచి పెంగ్ తే హువై, సోవియట్ నుంచి మికోయాన్ ప్యాంగ్యాంగ్ వచ్చి, పడ్డ వేట్లు వెనక్కి తీయించారు. అది కొద్ది నెలల ముచ్చటే. మరుసటి ఏడు ఏరివేత రెట్టింపుతో మొదలైంది. ఆ ఊపులో సుప్రీం ప్రజాసభ అధ్యక్షవర్గం చైర్మన్, అంటే లాంఛన దేశాధినేత, కిమ్ తు బోంగ్ పదవి పోయింది. భాషా పండితుడు, కొరియన్ వ్యాకరణం మీద జీవితం ధారపోసినవాడు, యెనాన్ వర్గపు పెద్ద. 1957 సెప్టెంబర్‌లో ఆ కుర్చీలోకి చ్వే వచ్చాడు. 1972 దాకా అక్కడే.

దాన్ని ఉత్సవ విగ్రహం పదవి అనడం మామూలు. రాయబారుల నియామక పత్రాలు తీసుకోవడం, అభినందన టెలిగ్రాములు పంపడం, అతిథులకు విందులివ్వడం. నిజమే. కానీ గుళ్లో మూలవిరాట్టు కదలదు, ఊరేగేది ఉత్సవ విగ్రహమే. కిమ్ వెళ్లలేని చోటికి, వెళ్లదలచని చోటికి చ్వే వెళ్లాడు. 1963 జూన్‌లో చైనా వెళ్లి అక్కడి దేశాధ్యక్షుడు లియు షావో చీతో ఉమ్మడి ప్రకటన చేశాడు. అన్నిటికన్నా అసలు పరీక్ష 1969లో వచ్చింది. సాంస్కృతిక విప్లవపు రోజుల్లో చైనా రెడ్ గార్డులు కిమ్‌ను బలిసిన రివిజనిస్టు అని గోడల మీద రాశారు. రెండు దేశాల రాయబారులు ఇళ్లకు వెళ్లిపోయారు. చైనా గణతంత్ర 20వ వార్షికోత్సవానికి ఆహ్వానం చివరి నిమిషంలో వచ్చింది. చ్వే బయల్దేరి వెళ్లాడు. అక్టోబర్ 1న తియానన్‌మెన్ వేదిక మీద మావో పక్కన కనిపించాడు. 1970 ఏప్రిల్‌లో చౌ ఎన్ లై ప్యాంగ్యాంగ్ వచ్చాడు, తెగిన తీగ కలిసింది. కాంటన్‌లో రక్తం ధారపోసినవాడు, చైనీస్ మాట్లాడేవాడు, చైనా గెరిల్లాను పెళ్లాడినవాడు తప్ప ప్యాంగ్యాంగ్‌లో ఆ పనికి ఇంకెవరు పనికొస్తారు? 1945లో అతన్ని వెనక్కి నెట్టిన చైనా బంధమే పాతికేళ్ల తర్వాత అతనికి పని కల్పించింది.

1972 డిసెంబర్‌లో కొత్త రాజ్యాంగం వచ్చింది. కిమ్‌కి దేశాధ్యక్ష పదవి కావాలి కాబట్టి పాత కుర్చీ రద్దయింది. చ్వే, కాంగ్ ర్యాంగ్ ఉక్ ఉపాధ్యక్షులయ్యారు. కాంగ్ ప్రొటెస్టెంట్ పాస్టర్, కిమ్‌కి తల్లివైపు బంధువు. చ్వే వదిలేసిన కొన్నేళ్లకు డెమోక్రటిక్ పార్టీ అధ్యక్షుడైంది కూడా అతనే. అంటే కమ్యూనిస్టు దేశపు ఇద్దరు ఉపాధ్యక్షులూ చో మాన్ సిక్ పెట్టిన పార్టీకి అధ్యక్షులుగా చేసినవాళ్లే.

1976లో ఆ తరం ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయింది. జనవరిలో చౌ ఎన్ లై, జులైలో చు తే, సెప్టెంబర్ 9న మావో. సెప్టెంబర్ 19న చ్వే యోంగ్ గన్. ప్యాంగ్యాంగ్ శివార్లలో తేసోంగ్ కొండ మీద విప్లవ అమరుల శ్మశానంలో అతని కంచు విగ్రహం ఉంది.

కోర్యో హోటల్ నుంచి చో మాన్ సిక్ ప్రాణాలతో బయటి ప్రపంచంలోకి రాలేదు. ఆయన సమాధి ఎక్కడుందో ఎవరూ చూడలేదు. నిర్బంధంలో తనను చూడటానికి వచ్చిన భార్యకు ఆయన కత్తిరించిన తన జుట్టు కొంత ఇచ్చాడు. 1991లో సియోల్ జాతీయ శ్మశానంలో ఆ జుట్టునే పూడ్చిపెట్టి పైన రాయి నిలబెట్టారు.